గోపాల్‌పూర్ ఒడ్డున సాయం చేసిన బాబాయికి

మా తెరచాప పడవ డీజిల్ ఇంజను నీటి పంపు బాగుచేసి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన బాబాయికి దండాలు. పంపు అడుగున చిన్న బెజ్జంలోంచి ఉప్పునీళ్లు కారుతుంటే, మూసెయ్యమన్నవాళ్లే అందరూ. మీరొక్కరే వద్దన్నారు. "లోపల నీళ్లు ఆపే రబ్బరు సీలు పోయిందని చెప్పే బెజ్జం బాబూ అది. మూస్తే నీళ్లు బేరింగులోకి, ఆయిల్లోకి దిగిపోతాయి" అన్నారు.

పంపు విప్పాక లోపల తిరిగే కడ్డీ, అదే షాఫ్టు మీద నా గోరు పెట్టించి, పాత సీలు అరగదీసిన గాడి తగిలేలా చూపించారు. కొత్త సీలు ఆ గాడిలో పడకుండా రవ్వంత పక్కకి కూర్చోబెట్టారు, స్ప్రింగున్న వైపు నీళ్లకేసి ఉండేలా. నీళ్లు తోసే రెక్కల రబ్బరు చక్రానికి, అదే ఇంపెల్లరుకి, గ్రీజు రాయనివ్వలేదు, సబ్బునీళ్లే. అంత ఓపిగ్గా పని చూపించేవాళ్లు ఎంతమంది ఉంటారు! ఇప్పుడు చుక్క కారడం లేదు బాబాయ్. సోనాపూర్ వైపు వస్తే, బాహుదా నది మొగ దగ్గర మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి.