ఆ రిపోర్టులో యూనిట్ చూసిన ఆవిడకి థాంక్స్

నిన్న మధ్యాహ్నం నాన్నకి ట్రయల్‌లో, అంటే కొత్త మందుని పేషెంట్లకిచ్చి చూసే పరీక్షలో, మొదటి డోస్ పడింది. చిన్న డోసే. ఈ మందు ఒకేసారి పూర్తి మోతాదు ఇవ్వరు, మెట్టు మెట్టుగా పెంచుతారు, ప్రతి మెట్టు తర్వాతా జ్వరం వస్తుందేమో, బీపీ పడిపోతుందేమో అని వార్డులోనే ఉంచి చూస్తారు. ఇప్పటిదాకా జ్వరం రాలేదు. సరిగా నిద్రపోయి చాలా రోజులైంది కాబట్టి రాసేదాంట్లో తప్పులుంటే సర్దుకోండి. కాస్త పడుకుని లేచాక రాద్దామనుకున్నాను గానీ, అప్పుడైతే ఇవన్నీ ఇలా చెప్పలేనేమో అని ఇప్పుడే కూర్చున్నాను.

నాన్నకి మల్టిపుల్ మైలోమా. ఎముక మజ్జలో ఉండే ప్లాస్మా కణాలకి వచ్చే క్యాన్సర్ ఇది. మందులు వాడాం, స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించాం, మళ్లీ మందులు, మళ్లీ తిరగబెట్టింది. ఇక ట్రయల్‌కి ప్రయత్నిద్దాం అన్నారు డాక్టరుగారు, కాగితాలు పంపారు. తొమ్మిది రోజులకి ఒక్క లైను జవాబు వచ్చింది: కొలవదగిన వ్యాధి లేదు, అర్హత లేదు. నడుము దగ్గర వెన్నుపూస కూలిపోయి బెల్టు కట్టుకుని నడుస్తున్న మనిషికి కొలవడానికి వ్యాధి లేదట. ఎవరిని అడగాలో ఆ లైనులో లేదు. ఫోన్ నంబరు లేదు, కారణం లేదు, కింద సంతకం కూడా లేదు.

ఆ రాత్రే ఒక సంస్థకి మెసేజ్ పెట్టాను. క్యాన్సర్ పరిశోధనకి నిధులిస్తూ, పేషెంట్లకి ట్రయల్స్ వెతికిపెట్టే లాభాపేక్ష లేని సంస్థ. పేరు రాయడం లేదు, ఆవిడే వద్దన్నారు. మెసేజ్ పెట్టే ముందు వాళ్ల టీమ్ పేజీ చూశాను. నడిపేది ఎవరా అని చూస్తే, పైన ఉన్నావిడ ఒకప్పుడు మందుల కంపెనీలో ట్రయల్స్ నడిపిన మనిషి, లెక్కలు చూసేది పాత ఆడిటర్, ఒప్పందాలకి ఒక లాయరు, ప్రచారం చూసేది ఇదివరకటి జర్నలిస్టు. డాక్టరు ఒక్కరే, పరిశోధన విభాగానికి. పేషెంట్ల విభాగం హెడ్ పేరు కింద 'ల్యాబ్ టెక్నాలజిస్టుగా 19 ఏళ్లు' అని ఉంది. నిజం చెప్తున్నాను, నాకు చాలా నిరాశ అనిపించింది. డాక్టర్లు కాని వాళ్లు మా నాన్న కేసులో ఏం చేస్తారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ ఇక్కడ అందరి ముందూ క్షమాపణ చెప్తున్నాను.

మర్నాడు ఉదయం ఆ 19 ఏళ్ల ఆవిడే ఫోన్ చేశారు. ఒక విభాగానికి హెడ్, కింద ఎవరికైనా చెప్పి ఊరుకోవచ్చు. "రిపోర్టులన్నీ పంపండి, సమ్మరీ షీటు కాదు, ల్యాబ్ ఇచ్చిన అసలు కాగితం, అన్ని పేజీలూ" అన్నారు. ఫోటోలు తీసి పంపాను. పది నిమిషాలు కూడా కాలేదు, మళ్లీ ఫోన్.

ఏం జరిగిందో వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. మైలోమాలో చాలామందికి ఆ క్యాన్సర్ కణాలు తయారుచేసే ఎం ప్రొటీన్ రక్తంలో కనిపిస్తుంది. కానీ నూటికి 15 నుంచి 20 మందికి ఆ పూర్తి ప్రొటీన్ ఉండదు, దాని ముక్క, లైట్ చెయిన్ అంటారే, అది మాత్రమే ఉంటుంది. నాన్న ఆ రకం. అలాంటివాళ్లకి ఫ్రీ లైట్ చెయిన్ టెస్టు చూసి 'కొలవదగిన వ్యాధి' ఉందో లేదో తేలుస్తారు. లైట్ చెయిన్లు కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. వాటి నిష్పత్తి తేడాగా ఉండి, పెరిగిన రకం లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటితే ఉన్నట్టు. నాన్న కప్పా 46.2. ఫారంలో 46.2 అనే రాసి పంపారు. వందకి తక్కువ, కాబట్టి తీసేశారు.

ఆవిడ ఆ అంకె చూడలేదు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న నార్మల్ రేంజ్ చూశారు. 0.33 నుంచి 1.94 అని ఉంది. "కప్పాకి మామూలుగా 3.3 నుంచి 19.4 ఉండాలి కదండీ, ఇక్కడ చుక్క జరిగింది, అంటే ఈ ల్యాబ్ డెసీలీటరులో ఇస్తోంది" అన్నారు. డెసీలీటరు అంటే లీటరులో పదో వంతు. నాన్నది 46 కాదు, 462. ఆస్పత్రిలో సమ్మరీ షీటు టైపు చేసినప్పుడు యూనిట్ ఎగిరిపోయింది, ఫారం నింపినవాళ్లు ఆ షీటు చూసి నింపారు, అవతల అంకె మాత్రమే చూసి కొట్టేశారు. ఇన్ని చేతులు మారిన కాగితంలో ఒక్కరు కూడా ఆ రేంజ్ చదవలేదు. మా ఊళ్లో, మా ఇంట్లో, ఎవరికి తెలుస్తుంది ఇది? ఆ యూనిట్ చూడాల్సింది మేమా?

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. కాసేపటికి తను ల్యాబ్‌లో పనిచేసిన రోజుల గురించి మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. ల్యాబ్‌లో శాంపిల్ మీద నంబరు ఉంటుంది, ఒక్కో నంబరు నెలనెలా వస్తుంది, ఇష్టం లేకపోయినా గుర్తుండిపోతుంది, తర్వాత ఒక నెల రాదు. "ఎందుకు రాలేదో మాకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరమ్మా, అడగడానికి మనిషీ ఉండదు" అన్నారు. అప్పటిదాకా 'అండీ' అన్న మనిషి 'అమ్మా' అన్నారు. తర్వాత, "చివరిసారి ఎప్పుడు పడుకున్నారు?" అని అడిగారు. చెప్పలేకపోయాను. "ట్రయల్ వాళ్లకి ఉత్తరం నేను రాస్తాను, మీ డాక్టరుగారితో నేను మాట్లాడతాను. మీరు రెండు గంటలు పడుకోండి, నేనే లేపుతాను" అన్నారు.

సరిగ్గా రెండు గంటలకి ఫోన్ మోగింది. ఆవిడే. ఇన్నేళ్ల ఈ జబ్బులో నన్ను పడుకోమన్నవాళ్లు చాలామంది ఉన్నారు, నా బదులు మెలకువగా ఉండి మళ్లీ లేపినవాళ్లు ఆవిడొక్కరే. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి.

తర్వాత ఆ టీమ్ పేజీ మళ్లీ తెరిచాను, ఈసారి నెమ్మదిగా చదివాను. ఒక్కొక్కరూ ఎక్కడి నుంచి వచ్చారో ఆ పని ఇక్కడ పనికొస్తోంది. ఆస్పత్రులు ఒకదానికొకటి శాంపిల్స్ ఇచ్చుకోవాలంటే ఒప్పంద పత్రాలకే నెలలు పడుతుంది, లాయరు లేకపోతే అవి కదలవు. ఇచ్చిన గ్రాంటు డబ్బు అనుకున్న పనికే వెళ్లిందా అని ఆడిటర్ విడత విడతకీ చూస్తారు. నాన్న సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం అన్ని పేజీలూ తేలిక మాటల్లో విడమర్చి పంపింది ఆ జర్నలిస్టుగారే. మైలోమా గురించి చదువుతున్నప్పుడు కాథీ జియుస్టీ గురించి తెలిసింది. ఆమె మందుల కంపెనీలో ఉన్నతోద్యోగి, 1996లో ఇదే జబ్బు బయటపడింది, 1998లో కవల చెల్లెలితో కలిసి మైలోమా పరిశోధన ఫౌండేషన్ పెట్టారు. ఆ చెల్లెలు లాయరు. ఇద్దరిలో ఒక్కరూ డాక్టరు కాదు. ముందే ఇది చదివి ఉంటే ఆ రాత్రి నాకు అంత దిగులు ఉండేది కాదు.

ఉత్తరం వెళ్లిన ఆరో రోజుకి స్క్రీనింగ్‌కి రమ్మన్నారు. ఆ మొదటి ఒక్క లైను పంపినవాళ్లు మాత్రం ఇప్పటికీ 'పొరపాటైంది' అని ఒక మాట అనలేదు. మాకు పోయింది దాదాపు మూడు వారాలు. ఈ జబ్బులో మూడు వారాలంటే కిడ్నీలు దెబ్బతినడానికి చాలు. దెబ్బతింటే నిజంగానే అర్హత పోయేది. రిపోర్టు అంకె ఎక్కడ రాసినా పక్కన యూనిట్ రాయండి, వద్దు అన్నప్పుడు ఎందుకు వద్దో, ఎవరిని అడగాలో రాయండి. ఇది పెద్ద కోరికేమీ కాదు.

తమ్ముడు, మావారు, పిన్ని, మీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

మా డాక్టరుగారికి కూడా థాంక్స్. తప్పు తెలియగానే మారు మాట్లాడకుండా అదే సాయంత్రం సరిచేసి సంతకం పెట్టారు.

అయ్యో, ల్యాబ్ కౌంటర్లో అబ్బాయిని మర్చిపోయాను, పాత రిపోర్టుల అసలు కాపీలు వెతికి వెతికి తీసిచ్చాడు. అతను లేకపోతే ఆ రేంజ్ ఎవరికీ కనపడేది కాదు. రాత్రి డ్యూటీ సిస్టరుగారు, నాకు కుర్చీ తెచ్చిచ్చిన వార్డుబాయ్. ప్లేట్‌లెట్స్ ఇచ్చిన ఇద్దరు, మీ పేర్లు నాకు తెలియవు.

రెండో డోస్ ఎల్లుండి. ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోకండి, తమ్ముడు వచ్చాడు, నేను పడుకుంటున్నాను.