తెలుగులో కోడింగ్ నేర్పిన సభ

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. 2021 ఆగస్టు 24 నుంచి 28 దాకా ఆన్‌లైన్‌లో జరిగిన డెబ్‌కాన్ఫ్ 21 అనే డెబియన్ వార్షిక సభ గురించి మీ పత్రికలో వస్తుందేమోనని రోజూ చూశాను. రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

డెబియన్ అంటే విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. 1993లో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి మొదలుపెట్టాడు. అది ఏ కంపెనీ సొత్తూ కాదు, ప్రపంచమంతటా ఉన్న వలంటీర్లే తయారుచేస్తారు. ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఏటా ఏదో ఒక దేశంలో కలుసుకునే వీళ్లు కరోనా వల్ల 2020లోనూ, 2021లోనూ ఆన్‌లైన్‌లోనే కలిశారు. ఈసారి 740 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. అంత పెద్ద సభలో హైస్కూలు, డిగ్రీ పిల్లల కోసం తెలుగులో కోడింగ్ కార్యక్రమం పెట్టారండీ!

మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిన్నరగా ఆన్‌లైన్ క్లాసంటేనే దానికి టెన్షన్. ఫోన్ పక్కన పెట్టి దిక్కులు చూసేది. ఆ రోజు మాత్రం అన్నానికి పిలిచినా లేవలేదు. "నాన్నా, అంతా తెలుగుల్నే చెప్తున్నరు" అంది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూడాలి!

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో మర్నాడే డెబియన్ వేయించాను. దేశికాచారి గారు రూపొందించిన పోతన, వేమన తెలుగు ఫాంట్లు అందులోనే దొరికాయి. ఇన్నేళ్లు నేను పెళ్లి పత్రికలు కొట్టిన అక్షరాలు అక్కడ కనిపిస్తే సొంత మనిషి ఎదురొచ్చినట్టు అనిపించింది.

తర్వాత మా అమ్మాయి షాపు కోసం పైథాన్ అనే కోడింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసింది. పెళ్లి పత్రిక ధర, ఎన్ని కావాలో కొడితే లెక్క చెప్పాలి. ధర 8, పత్రికలు 500 కొట్టింది. నాలుగు వేలు రావాల్సింది, తెర నిండా ఎనిమిదులే వచ్చాయి. గంటసేపు కూర్చుని తనే పట్టుకుంది. ధర అంకె అని చెప్పకపోతే కంప్యూటర్ దాన్ని అక్షరంగా తీసుకుంటుందట, అందుకే 8ని ఐదు వందల సార్లు అచ్చేసింది. ఒక్క పదం చేర్చగానే 4000 వచ్చింది. ఇంగ్లిష్ రాదని క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ తప్పేంటో నాకు కాగితం మీద రాసి మరీ వివరించింది.

మా వీధిలో ఇలాంటి పిల్లలు ఇంకో పది మందైనా ఉంటారు. వాళ్లకు ఈ కబురే తెలియలేదు. మా చెల్లెలి కొడుకు చెప్పబట్టి మాకు తెలిసింది.

2022 సభను కొసావో దేశంలోని ప్రిజ్రెన్‌లో పెట్టాలని నిర్ణయించారు. మా పిల్లలు అంత దూరం పోలేరు. అందుకే తెలుగు కార్యక్రమాన్ని ఆన్‌లైన్‌లో కొనసాగించమని నిర్వాహకులను వేడుకుంటున్నాను. మీరు కూడా వారం ముందు చదువుల పేజీలో నాలుగు లైన్లు వేయండి. తేదీ, టైము, చూడటానికి డబ్బు కట్టక్కర్లేదన్న ముక్క ఉంటే చాలు. ఆ కటింగ్ జిరాక్స్ తీసి మా వీధి బడి గోడకు నేనే అంటిస్తాను.

- ఒక డీటీపీ షాపు యజమాని, నల్లగొండ