దివ్యాంగులకు తోడుగా షెల్టర్ కుక్కలు: ఏడాది జమా ఖర్చుల వివరణ
(2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 వరకు)

చందాదారులకు, సభ్యులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగినప్పుడు డాబాల మీద చిక్కుకున్న కుక్కల్ని కొన్నింటిని జంతువుల షెల్టర్‌కు చేర్చారు. వాటిలో నెమ్మదైనవాటికి తర్ఫీదునిచ్చి దివ్యాంగుల ఇళ్లలో సాయంగా ఉంచాలన్న తలంపుతో మన కమిటీ ఏర్పడింది. మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత.

ఈ ఏడాది మొత్తం జమ రూ.3,57,740. సభ్యత్వం కింద 48 మంది తలా వెయ్యి చొప్పున 48,000 కట్టారు. విడి చందాలు 2,86,500. ఇందులో ఎక్కువ భాగం వందా రెండొందలు ఇచ్చినవారిదే. సంక్రాంతికి పెట్టిన పిండివంటల స్టాలు మీద సరుకుల ఖర్చు పోను 21,300 మిగిలింది. బ్యాంకు వడ్డీ 1,940. బియ్యం బస్తాలు, దుప్పట్ల వంటివి వస్తురూపంలో వచ్చాయి కాబట్టి ఈ మొత్తంలో కలపలేదు, విడిగా రిజిస్టరులో రాశాం.

మొత్తం ఖర్చు రూ.3,15,740. అన్నిటికన్నా పెద్ద పద్దు శిక్షకుడి జీతం: నెలకు 11,000 చొప్పున 1,32,000. ‘కూర్చో, లే’ అని నేర్పడానికి అంత ఎందుకని కొందరు అడిగారు. అది కుక్క త్వరగానే నేర్చుకుంటుంది. కింద పడ్డ సెల్‌ఫోన్‌ను పంటిగాటు పడకుండా పట్టుకుని, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఒళ్లో పెట్టడం వేరు. ముందు వస్తువును ముక్కుతో తాకడం, తర్వాత నోట పట్టడం, పట్టి ఉంచడం, తీసుకురావడం, చెప్పినప్పుడే వదలడం. ఒక్కో మెట్టు దగ్గరా సరిగ్గా చేసిన క్షణంలోనే క్లిక్కర్ (టిక్కుమని చప్పుడు చేసే చిన్న పరికరం) నొక్కి, ఉడికించిన కోడి కార్జం ముక్క పెట్టాలి. కొట్టడం, గొలుసు గుంజడం మా దగ్గర లేదు. భయపడ్డ కుక్క చెప్పిన పని చేస్తే చేయొచ్చు గానీ, మనిషి పక్కన ధీమాగా నిలబడదు. ఆ ఓపికకే ఈ జీతం, అది ఇంకా తక్కువేనని కమిటీ అభిప్రాయం.

వైద్యానికి 68,450 అయింది. వరద నీళ్లలో తిరిగిన కుక్కలకు ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే ప్రమాదం ఉంది, అది మనుషులకూ అంటుతుంది. అందుకని ముందు రక్తపరీక్షలు, ఆ తర్వాతే టీకాలు. పిడుదుల జ్వరం ఉన్నవాటికి వారాల తరబడి మందులు వాడాం. రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అన్నిటికీ చేయించాం. ఈ పద్దులో పైసా తగ్గించడానికి మేం ఒప్పుకోం.

తిండికి 54,200. ఆటోలకు 22,300. బెసెంట్ రోడ్డు జనానికీ, పండిట్ నెహ్రూ బస్టాండు హారన్లకూ కుక్క అలవాటు పడాలంటే అక్కడికి తీసుకెళ్లక తప్పదు. వేసవిలో తారురోడ్డు మీద అరికాళ్లు కాలిపోతాయి గనుక తెల్లారకముందే వెళ్లి రావాల్సి వచ్చేది. హార్నెస్‌లు (కుక్క ఛాతీకి తొడిగేవి), పట్టీలు, క్లిక్కర్లకు 17,860. రసీదు పుస్తకాలు, ఆడిటు, బ్యాంకు ఛార్జీలు కలిపి 6,180.

ఇక 14,750 చిన్న మొత్తమే అయినా మాకు ఎంతో తృప్తినిచ్చింది. ఇది ఇళ్లలో చేయించిన మార్పుల ఖర్చు. పటమటలో నడుము కింద చచ్చుబడిన ఒక అన్నగారి ఇంట్లో తలుపులకీ, ఫ్రిజ్‌కీ గుడ్డతాళ్లు కట్టించాం, స్విచ్‌లు కిందికి దింపించాం. కుక్క ఆ తాడు లాగి తలుపు తీస్తుంది, ముట్టెతో లైటు వేస్తుంది. సత్యనారాయణపురంలో వినికిడి లేని ఒక అక్క కుట్టుపని చేస్తారు. కాలింగ్ బెల్ మోగినా, కుక్కర్ కూతేసినా కుక్క వచ్చి ఆమె మోకాలిని కాలితో తట్టి, శబ్దం వచ్చిన చోటికి తీసుకెళ్తుంది. మునుపు గిరాకీ వచ్చి తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయేదట.

తీసుకున్నవి 9 కుక్కలు, పనిలో కుదిరినవి ఈ రెండు, శిక్షణలో ఉన్నది ఒకటి. మిగతా వాటి మీద డబ్బు వృథా కదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాం. వెనక స్టీలు పళ్లెం పడేసినప్పుడు ఉలిక్కిపడినా, మళ్లీ వచ్చి వాసన చూసే కుక్క ఈ పనికి పనికొస్తుంది. మూలకి పోయి వణికే కుక్కను బలవంతాన నిలబెడితే దానికీ కష్టమే, దాన్ని నమ్ముకున్న మనిషికీ ప్రమాదమే. పరీక్షించకుండా ఈ తేడా తెలియదు. పనికి కుదరని ఆరింటిలో నాలుగింటిని మామూలు పెంపుడు కుక్కలుగా కుటుంబాలు తీసుకున్నాయి, రెండు షెల్టర్లోనే ఉన్నాయి.

చూపులేనివారికి దారి చూపే కుక్కల్ని ఇవ్వమని కూడా కొందరు అడిగారు. ఆ పనికి చాలావరకు లాబ్రడార్ల వంటి జాతుల్ని అందుకోసమే పెంచి, ప్రత్యేక శిక్షకులతో నెలల తరబడి తర్ఫీదునిస్తారు. రద్దీ రోడ్డు మీద ప్రాణాలతో ముడిపడిన పని అది. మనకు ఆ స్తోమత లేదు, ఆ పేరుతో చందా కూడా తీసుకోం.

నిల్వ రూ.42,000. ఇందులో బ్యాంకులో 39,200, చేతిలో నగదు 2,800. మూడో కుక్క వెళ్లబోయే కృష్ణలంక ఇంట్లో మార్పులకూ, ఇప్పటికే పనిలో ఉన్న రెండింటి టీకాలకూ దీన్ని కేటాయించాం. వోచర్లు, పాస్‌బుక్ కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఉదయం పూట ఏ చందాదారు వచ్చినా చూపిస్తాం. రసీదు అందనివారు ఆ రోజే అడిగి తీసుకోవచ్చు.

కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి
విజయవాడ