అరేయ్ గోలీ, ఒకటి చెప్పాలి

హన్మకొండ
ఆదివారం, పొద్దున ఆరున్నర

అరేయ్ గోలీ,

ముందే తిట్టకు. దసరాకు రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి దాటాక రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. రెండుసార్లు చేశాను. నువ్వు "ఏం రా, ఏమైంది" అనగానే "ఏం లేదు, ఊరికే" అని పెట్టేశాను. వాట్సాప్‌లో టైపు చేసి చేసి తుడిచేశాను. కాగితం మీదైతే కొట్టేసినా కింద కనిపిస్తుంది, ఇక తప్పించుకోలేను.

ఇంటి సంగతులు గబగబా: అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, నడుస్తోంది, డాక్టరు వద్దన్న చోటికే నడుస్తోంది. మేడ మీద ట్యాంకు మళ్లీ కారుతోంది. నువ్వడిగిన పహాణీ నకలు తీసుకున్నాను, కొరియర్ చేస్తాను. అంతే.

మొన్న శనివారం బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. దానికి కాలేజీలో ఏదో సినిమా మీద రాసుకురమ్మన్నారట, లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. 'సలాం బాంబే'. మీరా నాయర్ 1988లో తీసింది. అంతకుముందు డాక్యుమెంటరీలు తీసేదట, కథా సినిమా ఇదే మొదటిది. రెండు ముద్దలు తినేదాకా చూద్దామని కంచం పట్టుకుని పక్కన కూర్చున్నాను. చెయ్యి ఎండిపోయింది రా, కడుక్కోవడానికి లేవలేదు.

కృష్ణ అని ఓ పిల్లాడు. అన్న వేధిస్తున్నాడన్న కోపంతో అన్న బండి తగలబెడతాడు. తల్లి వాణ్ణి సర్కస్‌లో వదిలి, ఐదువందలు సంపాదించుకొస్తేనే ఇంటికి రా అంటుంది. సర్కస్‌వాళ్లు వీణ్ణి ఏదో తెమ్మని పంపి, వచ్చేలోపు డేరా ఎత్తేస్తారు. రైలెక్కి బొంబాయిలో పడతాడు. అక్కణ్ణుంచి సినిమా అంతా ఆ ఐదువందల లెక్కే. చాయ్ గ్లాసులు మోసే పనికి కుదురుతాడు, అసలు పేరు పోయి 'చాయ్‌పావ్' అయిపోతాడు. రూపాయి రూపాయి దాస్తాడు. చిల్లం అని మత్తుమందుకు బానిసైనవాడు ఒకడుంటాడు, వీడు ప్రాణంలా చూసుకునేవాడు. ఆ డబ్బు కాజేసేది కూడా వాడే. మత్తుమందు అమ్మే బాబా వేషంలో నానా పటేకర్ ఉన్నాడు గానీ ఆ బాబాను చూడబుద్ధి కాదు, అంత బాగా చేశాడు.

పిల్లలెవరూ నటులు కారట. రోడ్ల మీద బతికేవాళ్లనే పోగేసి, బ్యారీ జాన్ అనే నాటకాలాయనతో కొన్ని వారాలు నేర్పించి, వాళ్లు తిరిగే వీధుల్లోనే తీశారు. ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ, దూరదర్శన్, బ్రిటన్ టీవీ చానల్ 4 తలా కొంత వేసుకుంటే అయిన సినిమా. పెళ్లి విందులో వడ్డించి రాత్రి తిరిగొస్తున్న పిల్లల్ని పోలీసులు పట్టుకుపోతారు చూడు, అక్కడ ఎవరూ 'నటించడం' లేదు. ఆ పిల్లల ముఖాల్లో కనిపించేది ఒట్టి నిద్ర, అంతే.

అన్నట్టు, నీకు ఇరవై రూపాయలు బాకీ. ఈ కథ నడిచేది గ్రాంట్ రోడ్డు, ఫాక్‌ల్యాండ్ రోడ్డు వైపు. పక్కనే కామాటిపురా. నువ్వు బొంబాయి పక్కన భీవండి పోయిన కొత్తలో చెప్పావు కదా, నిజాం రాజ్యం నుంచి వెళ్లిన మన తెలుగు కూలీలు, కామాటీల వల్లే ఆ పేరొచ్చిందని. నీ కోతల్లో అదొకటనుకుని పందెం కాశాను. బిడ్డ చదివి వినిపించింది, నిజమే. వడ్డీ మాత్రం అడగకు.

ఇప్పుడు చెబుతాను. ఓ సీనుంది. రోడ్డు పక్కన ఉత్తరాలు రాసిపెట్టేవాడు, ఇర్ఫాన్ ఖాన్. అప్పటికి ఎవరికీ తెలియదాయన. పెద్ద వేషానికని తీసుకుని చివరికి ఈ కాస్త ఇచ్చారట. కృష్ణ వాళ్లమ్మకు ఉత్తరం చెబుతాడు, ఆయన రాస్తాడు. అడ్రసు దగ్గరికొచ్చేసరికి వాడికి తెలియదు.

అక్కడ ఆపమన్నాను. బిడ్డ ఆపింది. "ఏంది నాన్నా" అంది. నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నాను.

1991 ఎండాకాలం, మన బొంబాయి యాత్ర. దావత్‌లలో నవ్వుతూ చెప్పుకునేది కాదు, మిగతాది. ముప్పై నాలుగు రూపాయలు, నీ గోలీల సంచి, మీ మామ అడ్రసు రాసుకున్న నోటుబుక్కు. కాజీపేటలో ప్యాసింజరెక్కిన సూపర్‌స్టార్లం సికింద్రాబాద్‌లో దిగేసరికే పిల్లులమయ్యాం. బొంబాయి బండి మన ముందే వచ్చింది, మన ముందే పోయింది. ఇద్దరం కదల్లేదు.

పార్సెల్ ఆఫీసు దగ్గర గోనెసంచుల మీద చోటిచ్చిన పిల్లాడు గుర్తున్నాడు కదా? ఎడమ చెప్పు పట్టీకి పిన్నీసు. చొక్కాకు పైన రెండే గుండీలు, కింద ముడి. పోలీసాయన లాఠీ తట్టుకుంటూ వచ్చినప్పుడు మన ఇద్దరి తలల మీదా గోనె కప్పి, తాను బయట కూర్చుని "ఎవరు లేరు సార్" అన్నాడు. బన్ను మూడు ముక్కలు చేసి, పెద్దది నీకిచ్చాడు, నువ్వు ఏడుస్తున్నావని. (ఏడవలేదంటావు. సరే.)

తెల్లవారాక మనం ఎనిమిది పాసయ్యామని తెలిసి "నువ్వు పంతులువా? మా అమ్మకు ఉత్తరం రాయి" అన్నాడు. నాకు ఆ పేరు పెట్టింది నువ్వు కాదు రా, వాడు. నీ నోటుబుక్కులోంచి కాగితం చించి రాశాను. "నేను మంచిగున్న. పని దొరికింది. రెండు జతల బట్టలు కొనుక్కున్న. తమ్ముణ్ణి బడి మాన్పియ్యకు." రెండు జతల దగ్గర నేను తలెత్తి ఆ చొక్కా వైపు చూశాను. వాడు చూడనిచ్చాడు. "రాయి, రాయి" అన్నాడు. అడ్రసు అడిగితే ఊరి పేరు చెప్పి, "చింతచెట్టు కాడి ఇల్లని రాయి, అందరికి ఎరికే" అన్నాడు. ఇంటికి పోయి కార్డు మీద ఎక్కించి వెయ్యమని ఎనిమిదణాల బిళ్ల ఇచ్చాడు. కార్డు పదిహేను పైసలు, మిగిలింది నన్నుంచుకోమన్నాడు.

ఆ బిళ్ల ఏమైందో ఇప్పుడు విను. కాజీపేటలో దిగగానే రెండు ఐస్‌ఫ్రూట్లు కొన్నాను. నీది ఆరెంజు. "పైసలెక్కడివి రా" అన్నావు. "జేబుల అడుగున దొరికినయ్" అన్నాను.

పది రోజుల తర్వాత నువ్వడిగావు కూడా, "వేసినవా?" అని. "వేసిన."

వెయ్యలేదు గోలీ. ఆ రోజు నాన్న బెల్టు, తర్వాత ఇంట్లో కాపలా, పైసలు లేవు, రేపు, ఎల్లుండి... ఆ కాగితం నిక్కరు జేబులోనే ఉండిపోయింది. అమ్మ ఉతుకుతూ తెల్లటి ముద్ద బయటికి లాగి "ఏంది రా ఇది" అంటే "ఏం లేదు, ఊరికే" అన్నాను. అప్పటికి ఊరి పేరు గుర్తుంది. మళ్లీ రాయొచ్చు, పదిహేను పైసల పని. ఇన్నేళ్లూ మన యాత్ర చెబుతూ జనాన్ని నవ్వించాను, వాడి దగ్గరికి రాగానే దాటేసేవాణ్ణి. నువ్వు గమనించే ఉంటావు. గమనించావా?

సినిమా చివర గణపతి ఊరేగింపు గుంపులో కృష్ణ తప్పిపోయి, ఒక్కడే కూర్చుని బొంగరానికి తాడు చుట్టుకుంటాడు. చాలాసేపు వాడి ముఖమే. ఆ వేషం వేసిన షఫీక్ సయ్యద్ కూడా బెంగళూరు నుంచి పారిపోయి బొంబాయి చేరినవాడే. సినిమాకు కేన్స్‌లో కెమెరా డోర్ (మొదటి సినిమా తీసినవాళ్లకిచ్చే బహుమతి), ఆస్కార్ నామినేషన్, వాడికి జాతీయ అవార్డు. తర్వాత బెంగళూరులో ఆటో నడుపుకున్నాడట. ఆ సినిమా పుణ్యాన సలాం బాలక్ ట్రస్ట్ పెట్టారు, వీధి పిల్లల కోసం, ఇప్పటికీ నడుస్తోంది. మనవాడు మాత్రం... వాడి పేరైనా మనం అడిగామా? నువ్వు అడిగావేమో. నేను అడగలేదు.

బిడ్డ బ్యాగు సర్దేసుకుంది, బస్టాండుకు దింపాలి, ఇప్పటికే రెండుసార్లు పిలిచింది. అసలు అడగాల్సింది ఇది: ఆ ఊరి పేరు 'ప'తో మొదలవుతుందని తప్ప నాకేం గుర్తు రావడం లేదు. నీకు గుర్తుందా? లేకపోతే ఆ నోటుబుక్కు. నువ్వు గోలీలే పారేయలేదు, అది పారేసి ఉండవు. మీ అమ్మ ట్రంకు పెట్టెలో చూడు. నేను పెన్ను ఒత్తి రాసేవాణ్ణి, సార్ తిట్టేవాడు కదా, కింది పేజీలో అచ్చు పడి ఉంటుంది. పెన్సిల్ అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దు, గట్టిగా రుద్దకు, చిరు

హారన్ కొడుతోంది. పోతున్నా.