గుజ్జు పోసే ఇంజెక్షన్ ఇంకా రాలేదు

సంపాదకులకు,

‘అరిగిన మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అంటూ వార్తలు, వాటి పక్కనే ఇంజెక్షన్ల ప్రకటనలు ఈమధ్య పత్రికల్లో తరచూ వస్తున్నాయి. సగం చిక్కు ఆ ‘గుజ్జు’ అనే మాటతోనే మొదలవుతోంది. గుజ్జు అనగానే మెత్తటి ముద్ద అనీ, తగ్గితే సూదితో కాస్త నింపుకోవచ్చనీ అనిపిస్తుంది. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి అలాంటిది కాదు. మోకాల్లో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందాన ఉండే తెల్లటి, నున్నటి, గట్టి పొర అది. అందులో సుమారు మూడొంతులు నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పెద్ద అణువు; అగ్రికాన్‌ను కదలకుండా బిగించేది రెండో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల వల. ఆ పొరలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. కణాలు మొత్తం పరిమాణంలో 5 శాతం కూడా ఉండవు, ఉన్నవి ఎక్కడివక్కడే ఇరుక్కుని ఉంటాయి. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, కొత్త కణాలు వచ్చి గాయం పూడుతుంది. ఇక్కడ ఆ మొదటి మెట్టే లేదు. దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి కోలుకోదని శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాశాడు. పెద్దయ్యాక అందులోని కొల్లాజెన్ దాదాపుగా కొత్తగా తయారు కాదని 2016లో, కణజాలం వయసు తేల్చే కార్బన్-14 కొలతలు చూపించాయి.

‘అరుగుదల’ కూడా సగం నిజమే. చెప్పు అరిగినట్టు ఒరుసుకుని మాత్రమే పోదు. ఒత్తిడికి, వాపుకు గురైన కణాలే ఎంజైములను వదిలి తమ చుట్టూ ఉన్న వలను కోసేస్తాయి. అగ్రికాన్‌ను కోసే ఏడీఏఎంటీఎస్-5, కొల్లాజెన్‌ను కోసే ఎంఎంపీ-13 వాటిలో ముఖ్యమైనవి. ఆ కోత సాగుతున్న కీలులో కొత్త కణాలను వదిలితే వాటికీ అదే గతి పట్టవచ్చు.

అయితే మరమ్మతు పద్ధతులు లేవని కాదు. మృదులాస్థిలో ఒకచోట గుంట పడితే చేసే మైక్రోఫ్రాక్చర్ అనే శస్త్రచికిత్సనే తీసుకోండి. ఊగిసలాడే ముక్కలను తొలగించి, గుంట అంచులను నిలువు గోడల్లా చెక్కి, అడుగున కాల్షియం పేరుకుని ఉన్న సున్నపు పొరను గీకేస్తారు. తర్వాత మొనదేలిన పనిముట్టుతో 3–4 మిల్లీమీటర్ల ఎడంతో ఎముక లోపలి రక్తం గుంటలోకి వచ్చి గడ్డకట్టేలా ఎముకకు చిన్న చిల్లులు పెడతారు. కీలులోకి ఎక్కిస్తున్న నీటి ఒత్తిడి తగ్గించగానే చిల్లుల్లోంచి రక్తం, కొవ్వు బొట్లు పైకి రావాలి. అప్పుడే లోతు సరిపోయినట్టు. సున్నపు పొర మిగిలిపోతే రక్తపు గడ్డ సరిగా అంటుకోదు. మరీ లోతుగా గీకితే ఎముకే పైకి పెరుగుతుంది. చిల్లులు మరీ దగ్గరైతే ఒకదాంట్లోకి ఒకటి విరిగి అడుగు కుంగుతుంది. ఇంత జాగ్రత్తగా చేసినా ఎక్కువగా ఏర్పడేది మొదటి రకం కొల్లాజెన్ నిండిన నార మృదులాస్థి, అంటే ఒక రకం మచ్చ. సుమారు 2 చదరపు సెంటీమీటర్లలోపు గుంటలకు బాగానే పనికొస్తుంది కానీ, కొన్నేళ్లకు చాలామందిలో ఫలితం సడలుతుంది.

రోగి కణాలనే పెంచి తిరిగి పెట్టే పద్ధతిని స్వీడన్ బృందం 1994లో 23 మంది రోగులతో ప్రకటించింది. బరువు తక్కువ పడే చోటు నుంచి 200–300 మిల్లీగ్రాముల ముక్క తీసి, కొన్ని వారాలు ప్రయోగశాలలో పెంచుతారు. చదునైన పాత్రలో పెరిగేటప్పుడు ఈ కణాలు పరుచుకుని, తమ పని మరిచి, మొదటి రకం కొల్లాజెన్ తయారుచేయడం మొదలుపెడతాయి. గుంటలో పెట్టాక కొత్త కణజాలం పాతదాని అంచుతో అతుక్కోవడం ఇంకో తలనొప్పి. పైగా ఈ పద్ధతి ఒకచోట పడిన గుంటకే. గోడకు ఒక చిల్లు పడితే పూడ్చవచ్చు, గోడంతా పెచ్చులూడుతుంటే ఏం పూడుస్తాం? కాలు విల్లులా వంగి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే అదే బరువు పూడికనూ తినేస్తుంది.

ఇక ప్రకటనల్లోని ఇంజెక్షన్లు. 2021లో వెలువడిన ఒక పరీక్షలో 288 మందిలో కొందరికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ద్రవం) ఇంజెక్షన్లు, మిగతావారికి ఉప్పునీరు ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పిలో గానీ మృదులాస్థి పరిమాణంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉప్పునీరు తీసుకున్నవారికీ నొప్పి తగ్గింది! ‘నాకు తగ్గింది’ అనే ఫొటోల విలువ ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది. మూలకణాల ఇంజెక్షన్లను స్టెరాయిడ్‌తో పోల్చిన 2023 పరీక్షలోనూ ఏడాదికి అవి మెరుగని తేలలేదు. స్టెరాయిడ్ కూడా నిరపాయం కాదు: మూడు నెలలకోసారి రెండేళ్లు ఇస్తే మృదులాస్థి 0.21 మిల్లీమీటర్లు పలచబడింది, ఉప్పునీటితో 0.10 మాత్రమే. నిజంగా మందం పెంచిన మందు స్ప్రిఫెర్మిన్. 549 మందిపై జరిగిన పరీక్షలో, ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి రెండేళ్లకు ఉత్తుత్తి మందుతో పోలిస్తే వచ్చిన తేడా 0.05 మిల్లీమీటర్లు. నొప్పిలో తేడా లేదు. ఇలాంటి ఫలితాన్ని ‘గుజ్జు పెరిగింది’ అని శీర్షిక పెడితే అబద్ధం కాదు, కానీ పాఠకుడికి అర్థమయ్యేది వేరు.

కాబట్టి పత్రికలను మేం కోరేది ఇంతే. ప్రయోగం ఎలుక మీదా మనిషి మీదా అన్నది మొదటి పేరాలోనే రాయండి. చిట్టెలుక మృదులాస్థి మందం 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక గుంటకా, మొత్తం అరిగిన కీలుకా, దేనితో పోల్చారు, ఎన్నాళ్లు చూశారు అన్నవి వదలకండి. మందం, నొప్పి విడివిడిగా చెప్పండి.

‘ముందు–తర్వాత’ ఎక్స్‌రేలు వేసే ప్రకటనలను మాత్రం ఇంకా గట్టిగా పట్టి చూడాలి. ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు, ఎముకల మధ్య సందు మాత్రమే కనిపిస్తుంది. పడుకోబెట్టి తీస్తే సందు ఎక్కువగా, నిలబెట్టి తీస్తే తక్కువగా రావచ్చు. మోకాలి వంపు, ఎక్స్‌రే గొట్టం కోణం కొన్ని డిగ్రీలు మారినా లెక్క మారిపోతుంది. రెండు చిత్రాలూ నిలబెట్టి, ఒకే వంపులో, ఒకే కోణంలో తీసినవని రాతపూర్వకంగా ఇవ్వనివారి ప్రకటనను అచ్చు వేయకండి.

ఇట్లు,
కీళ్ల పరిశోధన రంగంలో పనిచేసే పాఠకులు