వీసా బాధ తెలిసినవాళ్లకు రేకుల షెడ్డు కనిపించదా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీరు ఇద్దరు నాయకుల వాదనలు పక్కపక్కనే వేశారు. విదేశాల్లో మన ఉద్యోగుల గతి ఏమిటి, ఉత్పాదకతలో దేశం ఎందుకు వెనకబడింది అన్న చర్చ. చదివి పక్కన పడేద్దామనుకున్నాను. తర్వాత దాన్ని మెచ్చుకుంటూ మీరు వరసగా ఉత్తరాలు వేయడం చూశాక ఉండబట్టలేదు.

అమెరికా మన పిల్లల మీద కక్ష కట్టిందన్నది మొదటాయన గోడు. కాదనను. 2025 సెప్టెంబరులో అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటించిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పటి లెక్కన 88 లక్షల రూపాయలు! ఆ డబ్బుకి మా విశాఖ మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు వస్తుంది. ఏటా ఇచ్చే కొత్త వీసాలకు మామూలు పరిమితి 85 వేలు, ఆమోదం పొందేవాటిలో నూటికి డెబ్బైకి పైగా మన దేశస్థులవే. కాబట్టి దెబ్బ ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. అది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే అక్కడున్నవాళ్లకి కాదని తేల్చి చెప్పేదాకా ఎంతమంది తల్లులు టెన్షన్‌తో ఫోన్లు పట్టుకు కూర్చున్నారో నాకు తెలుసు.

అయితే అదే పెద్దమనిషి నాలుగు పేరాలు దాటాక ఏమన్నారో మీ ఉత్తరాల పాఠకులెవరూ గమనించినట్టు లేదు. మా ఊరి పక్కనున్న పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు నిండిపోతున్నారట, మన ఉద్యోగాలు మనవాళ్లకే ఉండాలట. ట్రంప్ అన్నదీ అదే కదండీ! వాళ్లు అంటే అన్యాయం, మనం అంటే ఆత్మగౌరవమా? 2019లో ఇక్కడి పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని మన అసెంబ్లీ చట్టం చేసింది. ఆ వేళ చప్పట్లు కొట్టినవాళ్లే ఇవాళ లక్ష డాలర్ల గురించి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మా వీధి చివర అయిదంతస్తుల భవనం లేస్తోంది. పని చేసేవాళ్లంతా ఒడిశాలోని గంజాం, కొరాపుట్ వైపువాళ్లు. సైటులోనే రేకుల షెడ్డు. ఏప్రిల్ ఎండలో అందులో నిలబడితే తెలుస్తుంది. ఒకటే కుళాయి, మోటారు వేసినప్పుడే నీళ్లు. పొద్దున ఆరింటికే గంజన్నం తిని పైకెక్కుతారు. చీకటి పడ్డాక ఫ్లడ్‌లైటు కింద కూడా సెంట్రింగ్ కొడుతుంటారు. సైటు ముందు పెద్ద బోర్డుంది. రియల్ ఎస్టేట్ రిజిస్ట్రేషన్ (రెరా) నంబరు, లోన్లిచ్చే బ్యాంకుల పేర్లు, 'నూటికి నూరుపాళ్లు వాస్తు' అన్న మాట, అన్నీ ఉన్నాయి. కూలీలను తెచ్చిన కాంట్రాక్టరెవరో, అతనికి లైసెన్సుందో లేదో ఆ బోర్డు మీద లేదు. వాస్తు గేటుకే గానీ షెడ్డుకి అక్కర్లేదు కాబోలు.

మా అసోసియేషన్ మీటింగులో మాత్రం, "మేడమ్, వీళ్లొచ్చాక వీధి పాడైపోయింది, ఆధార్ కార్డులు జిరాక్సు తీసి వాచ్‌మన్ దగ్గర పెట్టించాలి" అని తీర్మానం. ప్రతిపాదించినాయన కొడుకు డాలస్‌లో, బలపరిచినావిడ కూతురు న్యూజెర్సీలో. అక్కడి వీధివాళ్లు వీళ్ల పిల్లల కాగితాలు అడిగితే ఎలా ఉంటుందని నేనంటే, అది వేరండీ అన్నారు. ఎలా వేరో ఇప్పటికీ చెప్పలేదు.

ఇక రెండో నాయకుడు. మనవాళ్లకి ఒళ్లొంగదు, గంటలు పెంచితే గానీ చైనాతో పోటీ పడలేమన్నారు. పెంచారు కదా బాబూ! 2025 జూన్‌లో మన రాష్ట్ర క్యాబినెట్ రోజుకి తొమ్మిది గంటలను పది చేయడానికి ఒప్పుకుంది. ఓవర్‌టైమ్ పరిమితి మూడు నెలలకు 75 గంటలుండేది, 144కి లాగారు. కంపెనీల పెద్దల్లో ఒకరు వారానికి 70 గంటలన్నారు, ఇంకొకరు 90 అన్నారు. ఉత్పాదకత అంటే గంటకి ఎంత పని తెమిలింది అని అర్థం. గంటలు పెంచితే పెరిగేది అలసట. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయారు. రెండు రోజులు తిరక్కుండానే పరవాడలో ఇంకో ప్రమాదం, కాలిపోయినవాళ్లలో జార్ఖండ్ కార్మికులు. వీళ్లెవరికీ ఒళ్లొంగకా?

విశాఖ స్టీల్ ప్లాంటు సంగతీ ఆయనే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. నష్టాలకి కార్మికుడి బద్ధకమే కారణమట. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూల్ రైలు లైన్ మీద మన ఊరికొచ్చి, మన పోర్టు నుంచి జపాన్‌కి వెళ్లడం 1960ల నుంచీ ఉన్నదే. అదే ఊళ్లో ఉన్న ప్లాంటుకి మాత్రం సొంత ఇనుప గనుల్లేవు, ఖనిజం బజారు ధరకి కొనుక్కోవాలి. ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటుని 2021లో కేంద్రం అమ్మేస్తానంది. తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. గని ఇవ్వకుండా కూలీని తిట్టడం ఏ మేనేజ్‌మెంటు స్కూల్లో నేర్పుతారో!

ఇంతమంది మేధావులున్న ఊళ్లోంచే పిల్లలు డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసగాళ్ల చేతుల్లో చిక్కారు. 2024 మేలో మన పోలీసులు బయటపెడితే గానీ తెలియలేదు. ఏజెంట్లకి రిజిస్ట్రేషన్ ఉండాలని 1983 ఎమిగ్రేషన్ చట్టం చెబుతూనే ఉంది. మాయమాటల ఏజెంట్లను ఆపలేదు గానీ, పిల్లలు తిరిగొచ్చాక విమానాశ్రయంలో ఫొటోలు దిగడానికి మాత్రం అందరూ వచ్చారు.

పొరుగు రాష్ట్రం కూలీకి కూడా 1979లోనే చట్టం వచ్చింది. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ప్రయాణ భత్యం ఇవ్వాలి, ఉండటానికి తగిన వసతి చూపించాలి. ఇప్పుడది కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది. కలిస్తే కలిసింది, అమలు చేసే ఆఫీసు ఊళ్లోనే ఉంది కదా. మరోసారి నాయకుల చర్చ పెట్టేలోపు మీ విలేకరిని కార్మిక శాఖ దగ్గరికి పంపండి. మధురవాడలో కూలీలను దింపిన కాంట్రాక్టర్లలో ఎందరికి లైసెన్సుందో అడిగించి, ఆ జాబితా అచ్చేయండి. జాబితా లేదంటే, లేదన్న మాటే వేయండి. మా వీధి సైటు చిరునామా కావాలంటే విడిగా పంపుతాను.

- ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం