వార్షిక నివేదిక: పాత బ్లూస్ పాటలు, టీవీలో కొత్త గొంతులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఫొటోలు, వివరాలు మీకు ఎప్పటికప్పుడు వాట్సాప్‌లో అందాయి కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన కార్యక్రమానికే ఇస్తున్నాను. మన తెలుగువాళ్లం అమెరికాలోని మెంఫిస్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ, ఇక్కడి నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ గురించి ఏమీ తెలుసుకోలేదని కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు బాధపడ్డారు. ఆ మాట పట్టుకునే ఇది మొదలైంది. పాత బ్లూస్ పాటల్ని తర్వాతి తరాల గాయకులు టీవీలో పాడిన కార్యక్రమాలు నెలకోసారి కలిసి చూశాం. చూసిన వెంటనే అదే పాటకు పాత రికార్డు కూడా విన్నాం.

ఆ రెండో పని గురించి కార్యవర్గంలో కొంత వాదన జరిగింది. పాత రికార్డుల్లో గరగర ఎక్కువ, పిల్లలు కూర్చోరని కొందరి అభ్యంతరం. నేను మాత్రం పట్టుబట్టాను. త్యాగరాజ కీర్తన ఎవరు పాడినా చరణంలో ఆయన పేరు వస్తుంది, పాట ఎవరిదో మర్చిపోయే వీలుండదు. బ్లూస్ పాటకు ఆ రక్షణ లేదు. కట్టిందొకరు, దాంతో పేరు, డబ్బు సంపాదించింది ఇంకొకరు అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. పెద్ద గాయకుడు టీవీలో నోరు తెరిచి పేరు చెబితేనే ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు తెలుస్తుంది. అందుకే ప్రతిసారీ మేం ముందు చూసింది, పాడినవాళ్లు పాతవాళ్ల పేరు చెప్పారా లేదా అన్నదే.

ఈ లెక్కన మొదటి ప్రదర్శనే అన్నిటికన్నా గొప్పది. 1965 మేలో ఏబీసీ చానెల్ షిండిగ్ అనే పాటల కార్యక్రమానికి బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ వచ్చారు. అంతకు ముందు డిసెంబరులో బ్రిటన్ పాటల జాబితాలో వాళ్ల లిటిల్ రెడ్ రూస్టర్ మొదటి స్థానంలో నిలిచింది. అది విల్లీ డిక్సన్ రాయగా 1961లో హౌలిన్ వుల్ఫ్ రికార్డు చేసిన పాట. తాము రావాలంటే వుల్ఫ్‌ని కూడా పిలవాలని కుర్రాళ్లు కోరారు. ఇక మేం మాటలు ఆపి ఆయన్ని విందాం అన్నట్టు స్టోన్స్ గిటారిస్టు బ్రయన్ జోన్స్ మాట్లాడాడు. అప్పటికి 55కి దగ్గరపడ్డ వుల్ఫ్ ఆ భారీ శరీరాన్ని ఊపుతూ హౌ మెనీ మోర్ ఇయర్స్ పాడుతుంటే స్టోన్స్ ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్నారు. ఆ పాట రికార్డయింది 1951లో, ఈ ఊళ్లోనే, మనం కార్లలో దాటిపోయే యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో. ఆ సంగతి చెప్పగానే హాల్లో కలకలం రేగింది.

తర్వాత 2012 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో జరిగి, అమెరికా ప్రజా టీవీ పీబీఎస్‌లో వచ్చిన బ్లూస్ కచేరీ చూశాం. అప్పుడు 86 ఏళ్ల బీబీ కింగ్, బడ్డీ గై లాంటి పెద్దల పక్కన గ్యారీ క్లార్క్ జూనియర్, షెమీకియా కోప్‌లాండ్, సూజన్ టెడెస్కీ, డెరెక్ ట్రక్స్ ఉన్నారు. బీబీ కింగ్ మన మెంఫిస్ డబ్ల్యూడీఐఏ రేడియోలో పాటలు వినిపించే డీజేగా పనిచేసినవాడే. బడ్డీ గై ప్రోత్సహించడంతో ఒబామా కూడా స్వీట్ హోమ్ షికాగోలో ఒక ముక్క పాడారు. టీవీ వార్తల్లో ఎక్కువగా తిరిగింది ఆ ముక్కే. నాకు మాత్రం జెఫ్ బెక్ గిటార్ వాయిస్తుండగా స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ పాడిన కమిట్ ఎ క్రైమ్ గుర్తుండిపోయింది. అదీ వుల్ఫ్ పాటే. 1965లో పాదాల దగ్గర కూర్చున్న కుర్రాడు దాదాపు 47 ఏళ్ల తర్వాత కూడా ఆయన పాటనే ఎంచుకున్నాడు.

బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1992లో కరెంటు గిటార్లు లేకుండా చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీ కూడా చూశాం. పాతతరం బ్లూస్ గాయకులు రాబర్ట్ జాన్సన్, బిగ్ బిల్ బ్రూంజీల పాటలు చక్కగా పాడాడు. చర్చ పెద్దగా సాగలేదు.

మన కాలేజీ పిల్లలు ఎంచుకున్నది రాక్ బృందం నిర్వాణా. 1993 నవంబరులో ఎంటీవీ కోసం న్యూయార్క్‌లో రికార్డు చేసిన కచేరీలో చివరి పాట వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్. ఇది నాకు అత్యంత ఇష్టమైన గాయకుడి పాట అని ఆ బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్ ముందే చెప్పి పాడాడు. ఆ గాయకుడు లెడ్ బెల్లీ. అయితే ఆ పాట లెడ్ బెల్లీ కన్నా పాతది, అపలాచియన్ కొండల్లో ఎప్పటినుంచో పాడుకుంటున్నది. మరి పేరు ఎక్కడిదాకా చెప్పాలి అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. నీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్లదాకా చెప్పు, మిగతాది వినేవాళ్లు వెతుక్కుంటారు అని ఆమె స్నేహితుడు జవాబిచ్చాడు. నాకూ అదే సరి అనిపించింది.

అందరినీ కట్టిపడేసింది మాత్రం 2017లో పీబీఎస్‌లో వచ్చిన అమెరికన్ ఎపిక్ సెషన్స్. 1920ల నాటి రికార్డింగ్ యంత్రాన్ని పాత భాగాలతో మళ్లీ నిలబెట్టి, దాని ముందు నేటి గాయకులతో పాడించారు. కరెంటు మోటారుకు బదులు పైనుంచి కిందికి దిగే బరువే రికార్డు పెట్టే పళ్లేన్ని తిప్పుతుంది. అది దిగేలోపు, అంటే సుమారు 3 నిమిషాల్లో, పాట పూర్తవ్వాలి. తప్పు పాడితే సరిదిద్దే వీల్లేదు. మధ్యలో బరువును మోసే పట్టీ తెగితే, ఒకప్పుడు సోఫాలకు బట్ట కుట్టే పని చేసిన రాక్ గాయకుడు జాక్ వైటే దాన్ని బాగుచేశాడు. పాత పాటలు అంత చిన్నగా, అంత సూటిగా ఎందుకుంటాయో ఆ యంత్రాన్ని చూశాక అందరికీ అర్థమైంది.

అందులో రాపర్ నాస్, మెంఫిస్ జగ్ బ్యాండ్ 1928లో రికార్డు చేసిన ఆన్ ది రోడ్ అగైన్ పాడాడు. ఒక్క మాట కూడా పాతగా అనిపించదు. నాస్ తండ్రి ఓలు దారా మిసిసిపీలోని నాచెజ్‌లో పుట్టిన సంగీతకారుడు, అందుకే ఆ లయ అతనికి పరాయిది కాదు.

అదే కార్యక్రమంలో తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడు, చార్లీ ప్యాటన్ 1929లో రికార్డు చేసిన వరద పాట హై వాటర్ ఎవ్రీవేర్ పాడాడు. 1927లో మిసిసిపీ నది కట్టలు తెగినప్పటి కథ అది. కొడుకు దగ్గరికి దివిసీమ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ రోజు మాతో ఉన్నారు. గ్రీన్‌విల్, లీలండ్, రోజ్‌డేల్, విక్స్‌బర్గ్ అని ఊళ్ల పేర్లు వస్తుంటే మనవరాలిని ఆపి అర్థం అడిగారు. మెరక ప్రాంతానికి పోదామంటే నన్ను పోనివ్వడం లేదని ప్యాటన్ పాడిన చోటు రెండుసార్లు పెట్టించుకున్నారు. తర్వాత 1977 నవంబరు ఉప్పెన గురించి, మర్నాడు ఎవరు ఏ ఊరి వైపు వెళ్లారో ఊరి పేరుతో సహా చెప్పారు. ఆ సాయంత్రం ఇంకే పాటా పెట్టలేదు. పాటలో వచ్చిన ఊళ్లన్నీ గుర్తుపెట్టి మన కుర్రాళ్లు ఒక మ్యాప్ తయారుచేశారు, కావలసినవారు అడిగి తీసుకోండి.

వసంతంలో 61వ నంబరు హైవే మీద, బ్లూస్‌కు పేరుపడ్డ మిసిసిపీ డెల్టా ప్రాంతానికి యాత్రగా వెళ్లాం. ముందు వాల్స్ ఊళ్లో బ్లూస్ గాయని మెంఫిస్ మిన్నీ సమాధి దగ్గర ఆగాం. ఆమె కిల్లర్ డిల్లర్ బ్లూస్‌ని అలబామా షేక్స్ బృందం అమెరికన్ ఎపిక్ సెషన్స్‌లో పాడారు. 1973లో చనిపోయిన మిన్నీకి సమాధి రాయి 1996లో గాని రాలేదు. దానికి డబ్బిచ్చింది గాయని బానీ రైట్. అప్పు తీర్చుకోవడం అంటే నా దృష్టిలో ఇదీ. అక్కడినుంచి క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియం, అందులో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఒకప్పుడు కాపురమున్న చెక్క ఇల్లు చూశాం. బస్సులో పులిహోర, పెరుగన్నం సర్దిన ఇంటివాళ్లకు ప్రత్యేక ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ చేయించి కోశాధికారి విడిగా పంపుతున్నారు. ప్రదర్శనలకు డిస్కులు పబ్లిక్ లైబ్రరీ నుంచే తెచ్చాం కాబట్టి ఖర్చు దాదాపు యాత్ర బస్సుకే అయింది.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన. 2003లో సినీ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసే సారథ్యంలో పీబీఎస్‌లో వచ్చిన 7 బ్లూస్ చిత్రాలతో మొదలుపెడదాం. వాటిలో విమ్ వెండర్స్ తీసిన దాంట్లో లూ రీడ్, బెక్, లూసిండా విలియమ్స్ లాంటివాళ్లు పాతతరం బ్లూస్ గాయకులు స్కిప్ జేమ్స్, జేబీ లెన్వార్ పాటలు పాడతారు. పాత రికార్డులు వినిపించే పద్ధతిని కొత్త కార్యవర్గం కొనసాగించాలని నా విన్నపం. పిల్లలు కూర్చోరన్న అనుమానం ఇప్పుడు ఎవరికీ లేదు. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశానికి ముందే చెల్లించగలరు, కార్యవర్గ ఎన్నికల్లో ఓటుకు అది అవసరం.

ఇట్లు,
కార్యదర్శి